మైనపు గొట్టం తరఫున వకాల్తా

మొన్న ఒక మిత్రుడు మూడు నిమిషాల వీడియో పంపారు. శబ్దాన్ని పట్టి ఉంచిన యంత్రాల చరిత్ర మొత్తం అందులో ఉంది. ఎడిసన్ తగరపు రేకుతో మొదలై, బెర్లినర్ గ్రామఫోను డిస్కు, టేపు, సీడీల మీదుగా ఫోను దాకా వచ్చి ఆగుతుంది. ఆ రేకు బదులు ఎడిసన్ తర్వాత వాడిన, శబ్దం గాడిగా పడే మైనపు గొట్టానికి మాత్రం అందులో ఒక్క వాక్యమే దక్కింది. అంతకంటే మెరుగైన డిస్కు రావడంతో అది మూలపడిందట. వీడియో పంపిన మిత్రుడు పాత గ్రామఫోను రికార్డులు సేకరించే మనిషి. ఆయనకు ఆ వాక్యంలో తప్పేమీ కనిపించలేదు. నాకు మాత్రం మింగుడుపడలేదు. ఫోనులో మొదలైన వాదం తెగలేదు కాబట్టి, నా వైపు సంగతులైనా ఒక వరుసలో పెడదామని ఇది రాస్తున్నాను.

నేననేది ఇంతే. డిస్కు గెలవడానికి కారణం అది బాగా వినిపించడం కాదు, దానికి తక్కువ ఖర్చుతో వేల నకళ్లు తీయవచ్చు. ఆ గెలుపులో మామూలు ఇళ్లు ఒకటి పోగొట్టుకున్నాయి. సొంత గొంతును సొంత ఇంట్లో పట్టి ఉంచుకునే వీలు ఒకసారి మనిషి చేతికి వచ్చింది. వచ్చి, జారిపోయింది. మళ్లీ టేపు రికార్డరు ఇళ్లలోకి వచ్చేదాకా అందరికీ దొరకలేదు. దీన్ని చరిత్ర రాసేవాళ్లు నష్టంగా లెక్కలో కూడా వేయరు.

నాణ్యత మాట ముందు తేల్చుకుందాం. గొట్టం మీద గాడి మొదటినుంచి చివరిదాకా సూది కింద ఒకే వేగంతో కదులుతుంది. డిస్కు అలా కాదు. అంచున గాడి వేగంగా పోతుంది, మధ్యకు వచ్చేకొద్దీ నెమ్మదిస్తుంది, దానితోపాటు నాదం నలుగుతుంది. పాత ప్లేట్లు విన్నవాళ్లకు ఇది చెవితోనే తెలుసు. పాట చివరి చరణానికి వచ్చేసరికి గొంతు కాస్త బొంగురుపోయినట్టు ఉంటుంది. గాయకుడి తప్పు కాదది. డిస్కుకు ఉన్న అసలు సుగుణాలు వేరు. పేర్చుకోవచ్చు, తక్కువ చోటు పడుతుంది, ఒక్క అచ్చు నుంచి కావలసినన్ని ఒత్తుకోవచ్చు. వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి?

రాసే యంత్రం, పలికే యంత్రం

ఎవరు ముందు కనిపెట్టారన్న తగవు ఎన్నిసార్లు చదివినా నాకు ఆసక్తి కలగదు. ఆ తగవులో పేర్లు వినిపించే ముగ్గురి యంత్రాలను పక్కపక్కన పెడితే మాత్రం ఒక చిత్రమైన విషయం బయటపడుతుంది.

మొదటివాడు పారిస్‌లో అచ్చుపని చేసుకునే ఎదువార్-లెయాన్ స్కాట్ ద మార్తాన్‌విల్. చెవి నిర్మాణాన్ని చూపే బొమ్మలు ఆయనను పట్టుకున్నాయి. చెవిలాంటి యంత్రం చేసి, కర్ణభేరి స్థానంలో ఒక పలుచని పొర బిగించి, దానికి పందివెంట్రుక తగిలిస్తే, శబ్దం తనంతట తానే రాసుకోదా అని ఆలోచించాడు. 1857 మార్చి 25న పేటెంటుకు పెట్టాడు. దీపపు మసి పట్టించిన కాగితం మీద గొంతు వంకర గీతగా పడేది. అంతే, అక్కడితో ఆయన పని పూర్తి. ఆ గీతను మళ్లీ పలికించాలన్న ఆలోచన ఆయనకు లేదు. దాన్ని కళ్లతో చదవడం నేర్చుకుంటామనుకున్నాడు. 1878లో ఎడిసన్ పేరు ప్రపంచమంతా మారుమోగుతున్నప్పుడు స్కాట్ ఒక చిన్న పుస్తకం వేసి గట్టిగా అభ్యంతరం చెప్పాడు. శబ్దాన్ని రాయడమే అసలు ఘనత అనీ, తిరిగి వినిపించడం దారి తప్పడమనీ ఆయన ఉద్దేశం. మరుసటి ఏడాదే పోయాడు.

1860 ఏప్రిల్ 9న ఆయన గీయించిన ఒక కాగితాన్ని 2008లో అమెరికా పరిశోధకులు బర్కిలీలోని జాతీయ ప్రయోగశాలలో కంప్యూటరు సాయంతో పలికించారు. ఫ్రెంచి జానపద గీతం ఒకటి సన్నగా, వణుకుతూ వినిపించింది. ఎవరో ఆడపిల్ల పాడిందని అందరూ మురిసిపోయారు. పాటతోపాటు అదే కాగితం మీద, వేగం కొలుచుకోవడానికి వీలుగా, శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్కు) కంపనాలను కూడా స్కాట్ నమోదు చేసి ఉంచాడు. ఆ కంపనాలను లెక్కపెట్టే పద్ధతి దగ్గర పొరపాటు జరిగిందనీ, తాము రెట్టింపు వేగంతో వినిపించామనీ మరుసటి ఏడాది తేలింది. సరిచేసి వింటే ఆడపిల్ల మాయమై, నెమ్మదిగా, శ్రద్ధగా పాడుతున్న ఒక మగగొంతు వచ్చింది. బహుశా స్కాట్‌దే. వినిపించడం పక్కదారి అని జీవితాంతం వాదించిన మనిషి గొంతును ప్రపంచం ఇలా వింది.

రెండోవాడు ఎడిసన్. 1877 డిసెంబరు 7న న్యూయార్క్‌లోని సైంటిఫిక్ అమెరికన్ పత్రిక కార్యాలయానికి ఒక చిన్న యంత్రం తీసుకువెళ్లి బల్ల మీద పెట్టి పిడి తిప్పాడు. అది అక్కడివాళ్లను కుశలం అడిగింది. తగరపు రేకు చుట్టిన గొట్టం, సూది, మాట్లాడడానికి చిన్న మూతి, అంతే సరంజామా. రేకు కొన్నిసార్లు తిప్పేసరికే చిరిగిపోయేది. ఎడిసన్ కూడా దాన్ని పక్కన పడేసి విద్యుద్దీపం మీద పడ్డాడు. ఈలోగా అలెగ్జాండర్ గ్రాహం బెల్ ప్రయోగశాలలో ఆయన బంధువు చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ కలిసి రేకు బదులు మైనం వాడి, 1886లో పేటెంటు తెచ్చుకున్నారు. అప్పుడు ఎడిసన్‌కు రోషం వచ్చింది. 1888కల్లా గట్టి మైనపు గొట్టంతో తన యంత్రాన్ని తిరిగి తయారుచేశాడు. మైనం వల్ల ఇంకో సౌకర్యం కూడా కలిగింది. పైపొరను సన్నగా గీకేస్తే గొట్టం మళ్లీ కొత్తదవుతుంది.

మూడోవాడు జర్మనీలో పుట్టి వాషింగ్టన్‌లో స్థిరపడిన ఎమిల్ బెర్లినర్. 1887లో ఆయన తీసుకున్న గ్రామఫోను పేటెంటుకు ప్రేరణ ఎడిసన్ కాదు, స్కాట్. స్కాట్ మసి కాగితం మీది పక్కవాటు వంకర గీతనే లోహంలోకి ఎక్కించాడు. జింకు పలక మీద పలుచగా మైనపు కొవ్వు పూత పూసి, సూదితో గీయించి, ఆమ్లంలో ముంచితే గీత ఉన్నచోట లోహం తినుకుపోయి గాడి పడుతుంది. దాన్నుంచి తిరగబడ్డ అచ్చు తీసి, నకళ్లు ఒత్తుకోవచ్చు. ఇదంతా కార్ఖానాలో జరిగే పని. ఇంట్లో గ్రామఫోను కొనుక్కున్నవాడి చేతికి వచ్చేది గట్టి పలక, దాని మీద తిరిగే సూది. ఆ సూది దేన్నీ రాయలేదు.

స్కాట్ యంత్రం రాస్తుంది, పలకదు. ఎడిసన్‌ది రాస్తుంది, పలుకుతుంది. గ్రామఫోను కొన్న మనిషికి అది పలుకుతుంది, రాయదు. ముప్పై ఏళ్లలో యంత్రం ఒక చివరనుంచి ఇంకో చివరకు వెళ్లిపోయింది. రెండూ చేయగలిగిన యంత్రం నడిమధ్యన కొద్దికాలం ఉండి జారుకుంది. నేను వకాల్తా పుచ్చుకుంటున్నది ఆ నడిమి యంత్రానికే.

పది పనులు, ఇరవై నిమిషాలు

1878 జూన్‌లో నార్త్ అమెరికన్ రివ్యూ పత్రికలో ఎడిసన్ తన యంత్రం ముందుముందు ఏయే పనులకు పనికొస్తుందో ఒక జాబితా రాశాడు. మొదటిది గుమాస్తా లేకుండా ఉత్తరాలు చెప్పి రాయించడం. తర్వాత చూపులేనివారికి పుస్తకాలు వినిపించడం, ఉచ్చారణ నేర్పడం. సంగీతం వచ్చింది నాలుగోచోట. ఆ తర్వాత ఇంటివాళ్ల మాటలు, జ్ఞాపకాలు, పోయేముందు పెద్దలు చెప్పిన చివరి మాటలు దాచుకోవడం. ఆటబొమ్మలు, మాట్లాడే గడియారాలు, భాషలను ఉచ్చారణతో సహా భద్రపరచడం, పాఠాలు, టెలిఫోనుతో జతచేయడం మిగతావి. పాటల దుకాణం ఒకటే అనుకున్న మనిషి రాసే జాబితా కాదిది. యంత్రం ముందు కూర్చున్న ప్రతివాడూ మాట్లాడేవాడే అన్న నమ్మకం దీనిలో కనిపిస్తుంది.

నా వాదానికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. నేను పేచీ పెట్టుకున్న బెర్లినర్‌కు కూడా అదే కల ఉంది. 1888 మే 16న ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ సభలో ప్రసంగిస్తూ ఆయన ఒక లెక్క చెప్పాడు. ఒక మనిషి జీవితం మొత్తాన్ని ఇరవై నిమిషాల్లో వినవచ్చునట. పసితనపు ముద్దుమాటలు ఐదు నిమిషాలు, బాల్యపు కేరింతలు ఐదు, నడివయసు ఆలోచనలు ఐదు, మరణశయ్య మీద నీరసపు పలుకులు ఐదు. చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే అదే ప్రసంగంలో ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. పేరున్న గాయకులు తమ రికార్డుల అమ్మకాల మీద రాయల్టీ తీసుకుని ఆదాయం గడిస్తారని. ఇరవై నిమిషాల జీవితం కావాలంటే జనం ఊళ్లో ఉండే రికార్డింగు కేంద్రానికి వెళ్లి మాట్లాడి రావాలి, నకళ్లు తరువాత వస్తాయి. రెండు జోస్యాల్లో ఏది ఫలించిందో చెప్పనక్కరలేదు. రెండోదానికి పెట్టుబడి దొరికింది.

జనం కోరుకున్నది పాటేనా?

మిత్రుడు వెంటనే పట్టుకున్నది ఈ మాటే. "పెట్టుబడిని తిడతారేమిటి? జనానికి మాట్లాడే యంత్రం ఇచ్చి చూశారు కదా, ఎవరూ ముట్టుకోలేదు" అన్నారాయన. చరిత్ర కొంతవరకు ఆయన పక్షానే ఉంది. నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీ ఫోనోగ్రాఫు అనే ఈ మాట్లాడే యంత్రాలను ఏడాదికి 40 డాలర్ల అద్దెకు ఆఫీసులకు ఇచ్చింది. యంత్రాలు మొరాయించేవి, లఘులేఖకులకు వాటిని చూస్తే గిట్టేది కాదు, వ్యాపారం దివాలా తీసింది. దాన్ని కొంతకాలం నిలబెట్టింది ఎవరూ ఊహించని కొసరు పని. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సారా దుకాణంలో లూయీ గ్లాస్ అనే ఆయన ఒక యంత్రానికి నాణెం వేసే చీలిక పెట్టాడు. ఐదు సెంట్లు వేసి వినే నాళం చెవిలో పెట్టుకుంటే పాట వినిపిస్తుంది. ఆ పెట్టె మీద డబ్బు కురిసింది. తన యంత్రం వినోదానికి దిగజారడం ఎడిసన్‌కు మొదట్లో నచ్చలేదు. డబ్బు చూశాక సర్దుకున్నాడు.

అయినా ఆ పోటీని జనాభిప్రాయ సేకరణగా నేను ఒప్పుకోను. ఏడాదికి 40 డాలర్ల అద్దె ఒక పక్క, ఐదు సెంట్ల నాణెం ఇంకో పక్క పెట్టి, జనం రెండోదాన్ని ఎంచుకున్నారు కాబట్టి వాళ్లకు మాట్లాడడం ఇష్టం లేదనడం ఏమి న్యాయం? స్ప్రింగుతో తిరిగే చవక యంత్రాలు 1890ల చివర్లో ఇళ్లలోకి వచ్చాక ఏమైందో చూడాలి. ఎడిసన్ ఇంటివాడుక యంత్రాలతో ఖాళీ గొట్టాల మీద రికార్డు చేసుకోవచ్చు. చేశారు కూడా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంటా బార్బరా శాఖ ఇంటర్నెట్‌లో పెట్టిన గొట్టాల భాండాగారంలో అలాంటి ఇంటి రికార్డింగులకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. వాటిలో పేరున్నవాళ్లెవరూ లేరు. పిల్లల చేత బలవంతంగా ఏదో చెప్పిస్తారు, పాట మధ్యలో నవ్వు వచ్చి ఆగిపోతుంది, ఏం మాట్లాడాలో తెలియక ఒకాయన తడుముకుంటాడు. వినడానికి సంగీతం కాదు. గంటసేపు విన్నాను. ఆ కాలపు దుకాణం పాటల్లో దొరకనిది అందులో దొరికింది. ఎవరికీ అమ్మే ఉద్దేశం లేకుండా మాట్లాడుతున్న మనుషులు.

ఇదే కాలంలో పాటల వ్యాపారం ఎలా నడిచిందో కూడా చెప్పుకోవాలి. మైనపు గొట్టానికి సులువుగా నకలు తీసే పద్ధతి చాలాకాలం రాలేదు. అందుకని గాయకుడు వరుసగా పెట్టిన యంత్రాల ముందు నిలబడి పాడేవాడు. అవి నిండాక కొత్త గొట్టాలు బిగించి, అదే పాట మళ్లీ. బానిసగా పుట్టి, అమెరికాలో తొలి నల్లజాతి రికార్డింగు గాయకుడిగా పేరు తెచ్చుకున్న జార్జి డబ్ల్యూ. జాన్సన్ తన నవ్వుల పాటను ఇలా వేలసార్లు పాడాడు. ప్రతిసారీ కొత్తగా నవ్వాలి. ఇది తలుచుకున్నప్పుడు బెర్లినర్ మీద నా కోపం తగ్గుతుంది. నకలు తీసే అచ్చు వచ్చి, మనిషిని ఈ చాకిరీనుంచి తప్పించింది. అయితే ఒక్కసారి పాడించుకుని వదిలేసే పద్ధతిలో గాయకుడికి దక్కేదెంత అన్నది ఇంకో కథ.

కలకత్తాలో రెండు దారులు

ఈ వాదం నాకు అమెరికా ముచ్చటగా అనిపించకపోవడానికి కారణం కలకత్తా. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడికి వచ్చి రికార్డింగులు మొదలుపెట్టాడు. గాయని గౌహర్ జాన్ పాడి, చివర తన పేరును ఇంగ్లీషులో ప్రకటించిన సంగతి అందరూ చెప్పుకునేదే. ఆ ప్రకటన శ్రోతల కోసం కాదు, జర్మనీలోని హానోవర్‌లో ప్లేటు ఒత్తి దానికి చీటీ అంటించే వాళ్ల కోసం. నన్ను తొలిచేది ఇంకో సంగతి. గాడి పడిన మైనపు పలకను అక్కడే తిప్పి వింటే అది పాడైపోతుంది, అచ్చుకు పనికిరాదు. కాబట్టి ఆ పాటను గౌహర్ జాన్ అప్పటికప్పుడు వినలేదు. పలక సముద్రం దాటి వెళ్లి, ప్లేటుగా మారి, మళ్లీ సముద్రం దాటి వచ్చేదాకా ఆ గొంతు ఆమెకూ అందదు. గొట్టం ముందు పాడిన మనిషి సూది మార్చి మరుక్షణంలో తన గొంతు తానే వినేవాడు. పాడినది నచ్చకపోతే గీకేసి మళ్లీ పాడేవాడు.

అదే కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ ఉన్నాడు. కుంతలీన్ తలనూనె, అత్తర్లు అమ్మి డబ్బు సంపాదించినవాడు, కథల పోటీ పెట్టి దానికి కూడా తలనూనె పేరే పెట్టిన ఘటికుడు. స్వదేశీ ఉద్యమం ఊపులో ఆయన మైనపు గొట్టాల మీద సొంతంగా రికార్డులు తీయడం మొదలుపెట్టాడు. రవీంద్రనాథ్ టాగూర్ గొంతులో వందేమాతరం ఆయనకు దొరికింది. ఇది ఎలా సాధ్యమైంది? రాసే యంత్రం, పలికే యంత్రం ఒకటే కాబట్టి. హానోవర్‌లో కార్ఖానా అక్కరలేదు, అచ్చు ఒత్తే మర అక్కరలేదు. ఒక గది, ఒక యంత్రం, కొన్ని ఖాళీ గొట్టాలు ఉన్న భారతీయుడు రికార్డింగు కంపెనీ పెట్టగలిగాడు. తర్వాత డిస్కుల కాలం రాగానే ఆయన రికార్డులు కూడా పాతే అనే ఫ్రెంచి కంపెనీ ద్వారా డిస్కులుగా మారవలసి వచ్చింది. గ్రామఫోను కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో సొంత కార్ఖానా పెట్టాక చిన్నవాళ్లకు చోటు ఇంకా ఇరుకైంది.

ఇంకో వినోదం చూడండి. గ్రామఫోను ప్లేటును కట్టిపడేసే పదార్థం లక్క. ఏటికొప్పాక బొమ్మలకు రంగుతో కలిపి పట్టించే లక్క, హైదరాబాదు లాడ్ బజారులో గాజులకు కరిగించే లక్క, అదే జాతి పురుగు స్రవించేది. ప్రపంచానికి దాన్ని ఎక్కువగా సరఫరా చేసింది మన దేశపు అడవులే. సరుకు మనది, గొంతు మనది, ఒత్తే మర వాళ్లది. పత్తి ఇక్కడినుంచి మాంచెస్టర్ పోయి బట్టగా తిరిగి రావడానికి అలవాటుపడ్డ దేశానికి ఇది కొత్తగా కూడా అనిపించి ఉండదు.

పండితులు, పరిశోధకులు మాత్రం గొట్టాన్ని వదల్లేదు. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడీ ఆదివాసుల పాటలు, కథలు రికార్డు చేశాడు. ఊళ్లోకి వెళ్లి చేసిన రికార్డింగుల్లో అదే మొదటిదిగా లెక్క. ఆ తర్వాత హంగేరీ పల్లెల్లో సంగీతకర్తలు బార్టోక్, కోడాయ్ రైతుల పాటలు పట్టింది కూడా గొట్టాల మీదే. డిస్కు మీద రాసే సరంజామాను పొలం గట్ల వెంట మోసుకుపోలేరు. మన దేశపు భాషలను లెక్కకట్టిన బ్రిటిష్ అధికారి గ్రియర్సన్ సర్వే గ్రామఫోను డిస్కులనే వాడింది. బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథను మద్రాసు ప్రెసిడెన్సీ భాషలతో సహా రకరకాల భాషల్లో చెప్పించి పట్టారు. అవి వినదగినవే. కానీ ఆ పని నడవడానికి ఒక ప్రభుత్వం కావలసి వచ్చింది.

పాసమక్వాడీ ఉదాహరణ చెప్పి నేను గెలిచాననుకోవడం లేదు. యంత్రం పట్టుకున్నది ఫ్యూక్స్, గొంతు వాళ్లది. గొట్టాలు మ్యూజియానికి పోయాయి. ఆ మనుషుల వారసులు తమ ముత్తాతల పాట వినడానికి దాదాపు శతాబ్దం పట్టింది. ఎవరైనా రికార్డు చేయగల యంత్రం ఉన్నంత మాత్రాన అందరూ చేసేస్తారని కాదు. అది ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న గొట్టానికీ తప్పలేదు.

పద్యాల ప్లేట్లు

మిత్రుడి అసలు అస్త్రం చివరకు వచ్చింది. "బెర్లినర్ లేకపోతే మీ తాతగారింట్లో పద్యాలు ఎక్కడివండీ?" అన్నారు.

నిజమే. మా తాతగారింట్లో కుక్క బొమ్మ ఉన్న పెట్టె ఒకటి, దానితో పాటు అట్టపెట్టె నిండా నాటకాల పద్యాల ప్లేట్లు ఉండేవి. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి, రఘురామయ్య గొంతులు నాకు తెలిసింది అలాగే. ఊళ్లో నాటకం ఆడే కుర్రాళ్లు వచ్చి, ఒకే ప్లేటు మళ్లీమళ్లీ పెట్టించుకుని, రాగం ఎక్కడ విరుస్తున్నాడో పట్టుకునేవారని మా తాతగారు చెప్పేవారు. పెద్ద ఊళ్లో టిక్కెట్టు కొని చూడగలిగినవాళ్లకే దక్కే గొంతు పల్లెటూరి అరుగు మీదికి వచ్చింది. గొట్టాలే మిగిలి ఉంటే, ఒక్కొక్క గొట్టానికీ విడిగా పాడవలసి వస్తే, ఇది జరిగేది కాదు. దక్షిణాదిలో తొలినాళ్ల రికార్డులు ఎక్కువగా ఇచ్చింది దేవదాసీ కుటుంబాల గాయనులు. చాలామంది విద్వాంసులు కంపెనీ ముఖం చూడని రోజుల్లో వాళ్లు త్యాగరాజ కీర్తనను మూడు నిమిషాల్లోకి కుదించి పాడి ఇచ్చారు. సభల్లోకి రానివ్వని గొంతులు ప్లేటు మీద ఇళ్లలోకి వెళ్లాయి. ఇది చిన్న సంగతి కాదు. డిస్కు మంచి చేయలేదని నేను ఎప్పుడూ అనలేదు.

కానీ అదే ఇంట్లో మా నాయనమ్మ పాడేది. పెళ్లిళ్లకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆమెను పిలిపించుకుని మంగళహారతులు, అల్లోనేరేళ్లు పాడించుకునేవారట. ఆమె ఫొటోలు మూడు ఉన్నాయి. గొంతు లేదు. స్థానం వారి గొంతులో స్త్రీపాత్ర ఎలా పలుకుతుందో నాకు తెలుసు, మా నాయనమ్మ ఎలా పలుకుతుందో తెలియదు. పాట నిండిన పెట్టె ఇంట్లోనే ఉంది, ఆమె ఎదురుగా కూర్చుని వింది, ఆ పెట్టె ఆమె వైపు చెవి పెట్టలేదు. పెట్టగల పెట్టె ఒకటి అంతకు ముందే ఉండి పోయిందని తెలియకపోతే ఇందులో బాధపడడానికి ఏమీ లేదు.

ఈ మాట అంటే మా మేనత్త కొడుకు నవ్వుతాడు. కారణం ఉంది. 1980ల్లో మా చిన్నాన్న టేపు రికార్డరు కొన్నప్పుడు అమ్మమ్మ, అంటే మా అమ్మ తల్లి, ఒక క్యాసెట్ నిండా రామాయణం పాటలు పాడింది. ఆరు నెలలు తిరక్కుండా దాని మీద సినిమా పాటలు ఎక్కించారు. ఎవరు ఎక్కించారో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. ఖాళీ క్యాసెట్ కొనడానికి బజారుకు పోవాలి, ఇది చేతికి అందింది. అంటే యంత్రం తిరిగి వచ్చింది, మేము దాన్ని పాటల పెట్టెగానే వాడాం. ఈ ఒక్క ఉదంతం నా వకాల్తా మొత్తాన్ని పడగొట్టగలదని ఒప్పుకోవాలి. దీనికి నేను చెప్పుకోగలిగిన సమాధానం ఒకటే. అరవై, డెబ్బై ఏళ్ల పాటు ఆ పెట్టె ముందు మనకు నేర్పిన పని వినడమే. అందులో వచ్చేది గొప్పవాళ్ల గొంతనీ, ఇంట్లోవాళ్ల గొంతు దానికి తగదనీ అలవాటైపోయింది. మా అమ్మమ్మ కూడా పాడేముందు "నా పాట ఎందుకు రా దీంట్లో" అని రెండుసార్లు అందట. కపిలవాయి ప్లేట్లు వింటూ పెరిగిన ఇంట్లో ఆమె ఇంకేమంటుంది? అలవాటు ఒక తరంలో పోదు. ఈ సమాధానం మిత్రుడికి నచ్చలేదు. మనుషుల స్వభావాన్ని యంత్రం నెత్తిన రుద్దుతున్నానన్నారు. కావచ్చు.

గొట్టం కూడా లొంగిపోయింది

ఇంకో ఒప్పుకోలు మిగిలింది. బెర్లినర్‌ను ఇంతసేపు బోనులో నిలబెట్టాను గానీ, గొట్టం తన పనిని డిస్కు చేతిలో ఓడిపోయి వదులుకుందనడం పూర్తి నిజం కాదు. 1902 నాటికి ఎడిసన్ కంపెనీ కూడా గొట్టాలను మూసలో పోసి నకళ్లు తీయడం నేర్చింది. గొట్టాలు గట్టిపడ్డాయి. 1912లో వచ్చిన నీలం రంగు సెల్యులాయిడ్ గొట్టాలు ఇంకా బలమైనవి, కింద పడినా తొందరగా పగలవు. వాటిని గీకి మళ్లీ రాసుకోవడమన్నది కుదరదు. అప్పటికి ఎడిసన్ కూడా డిస్కులు తీస్తున్నాడు, కొన్నేళ్లకు తన గొట్టాల మీద పాటలను కూడా ఆ డిస్కులనుంచే నకలు దించడం మొదలుపెట్టాడు. ఆకారం గొట్టమే, పని డిస్కుదే. పాత యంత్రాలు ఇంకా ఇళ్లలో ఉన్న పల్లెటూరి ఖాతాదారుల కోసం వాటిని అలా చేస్తూ చేస్తూ, 1929 అక్టోబరు చివర్లో, షేర్ మార్కెట్ కుప్పకూలిన రోజుల్లోనే, ఆ కంపెనీ రికార్డుల వ్యాపారం మొత్తం కట్టిపెట్టింది.

కాబట్టి నా అభియోగాన్ని కొంచెం సవరించుకుంటున్నాను. రాసే సూదిని ఇంట్లోంచి తీసుకెళ్లింది గుండ్రటి పలక కాదు, నకళ్ల బేరం. ఒకే పాటను లక్షమందికి అమ్మడంలో ఉన్న లాభం లక్షమందికి లక్ష ఖాళీ గొట్టాలు అమ్మడంలో లేదు. బెర్లినర్ కాకపోతే ఎడిసనే ఆ పని పూర్తి చేసేవాడు, దాదాపు చేశాడు కూడా. అయినా డిస్కు మెరుగైనది కాబట్టి గెలిచిందన్న వాక్యాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎవరికి మెరుగు అని ఆ వాక్యం చెప్పదు.

ఒకచోట మాత్రం మాట్లాడే గొట్టం చాలాకాలం బతికింది. ఎడిసన్ తన జాబితాలో అన్నిటికంటే ముందు రాసిన పని అదే. డిక్టాఫోన్, ఎడిఫోన్ పేర్లతో అమెరికా ఆఫీసుల్లో మైనపు గొట్టాలు దశాబ్దాల పాటు తిరిగాయి. డిక్టాఫోన్ కంపెనీ మైనం వదిలి ప్లాస్టిక్ పట్టీకి మారింది 1947లో. మేనేజరు బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం చెప్పేవాడు, టైపిస్టు చెవికి వినే నాళాలు తగిలించుకుని వింటూ టైపు కొట్టేది, ఆ పని కాగానే మైనాన్ని గీకే యంత్రానికి పంపేవారు. బకాయిల హెచ్చరికలు, సరుకు అందలేదన్న ఫిర్యాదులు, సెలవు చీటీలకు జవాబులు. అరవై ఏళ్ల పాటు రోజూ సొంత గొంతు పట్టించుకుని, మళ్లీ వినే అవకాశం దొరికిన భాగ్యవంతులు వీళ్లే. వాళ్లలో ఒక్కడైనా మధ్యాహ్నం ఎవరూ లేని వేళ ఆ మూతిలోకి పాట పాడకుండా ఉన్నాడా అని నాకు అనుమానం.